కొండదారిలో గేరు సైకిలు

పాలకొండ పరిసరములందలి సమతలభూములను విడిచి సీతంపేట కొండల నడుమకు వచ్చినకొలది రహదారి ఎక్కుడుదిగుడులుగా మారును. ఇట్టి దారిలో సైకిలు తొక్కువానికి గేరు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కఱలేదు. ఐనను ఈ కొండలలోనే, ఒకప్పుడు ముందు మూడు, వెనుక ఆఱు పళ్లచక్రములతో పదునెనిమిది గేర్లు కలిగియుండిన సైకిళ్లు, వెనుకగేరు ఊడదీయబడి, చైను కురుచచేయబడి, ఒకేయొక పళ్లచక్రముమీద తిరుగుచు తఱచుగా కనబడుచున్నవి. గేరు పాడైనదని తీయించితిమని సైకిలుగలవారు చెప్పుదురు. అట్లు తీసివేయబడిన గేర్లలో పెక్కు పాడైనవి కావనియు, వానకు త్రుప్పుపట్టిన యొక వైరును, అది నడచు గొట్టమును మార్చినచో మరల చక్కగా పనిచేయదగినవే యనియు నా దృఢమైన నమ్మకము. ఆ నమ్మకమునకు గల కారణములను కొంత వివరముగా చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

సీతంపేట చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. సవరలు, జాతాపులు నివసించు ఈ కొండలనుండి అనాస, పసుపు, చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు సోమవారపు సంతకు దిగివచ్చును. ఆ సరకులో ఎక్కువపాలు కావడులమీదను, నెత్తిగంపలలోను, నేడు ఆటోలలోను మోటారుసైకిళ్లమీదను వచ్చుచున్నదే కాని సైకిళ్లమీద వచ్చునది స్వల్పమే యని ఒప్పుకొనవలెను. సైకిలు ఇచ్చట ముఖ్యముగా చదువుకొను పిల్లలది. పెట్రోలునకు దినదినము డబ్బు పెట్టలేని కూలివానిది. రహదారి ప్రక్క గూడెమునుండి మండలకేంద్రమునకు చిన్నపనిమీద వచ్చిపోవువానిది. గేరు సైకిళ్లు వీరి చేతికి క్రొత్తవిగా వచ్చుట అరుదు. పట్టణములలో ఉద్యోగుల పిల్లలు కొన్నాళ్లు వాడి, ఎత్తు పెరిగినపిమ్మట వసారాలో నిలబెట్టిన సైకిలు, రెండు మూడు చేతులు మారి, కొండచేరునప్పటికి పాతదై, గేరు మొండికెత్తిన స్థితిలో నుండును. అనగా గేరు ఎవరికి మిక్కిలి కావలయునో వారికి అది పనిచేయని దశలోనే లభించుచున్నది.

ఆ గేరును తీసివేయుటవలన కలుగు నష్టమెంతయో లెక్క చూచిన గాని తెలియదు. 26 అంగుళముల చక్రము ఒకమాఱు తిరిగినచో సైకిలు సుమారు 2 మీటర్ల 7 సెంటీమీటర్లు ముందునకు పోవును. ముందు 28 పళ్లు, వెనుక 28 పళ్లు గల గేరులో పెడలు ఒక చుట్టునకు చక్రమును ఒక చుట్టే తిరుగును గనుక, ఆ 2 మీటర్ల పైచిల్లర దూరమును ఎక్కుటకే కాలిబలము వినియోగపడును. అదే సైకిలునకు గేరు తీసి, ముందు 38 పళ్ల చక్రముమీదను వెనుక 18 పళ్ల చక్రముమీదను చైను బిగించినచో, ఒక చుట్టునకు 4 మీటర్ల 35 సెంటీమీటర్లకు పైగా పోవలసియుండును. అనగా ప్రతి తొక్కునకును రెట్టింపునకు మించిన బలము కావలయును. 44, 18 పళ్లు గల పెద్ద సైకిలుమీదనైతే ఆ దూరము 5 మీటర్ల 40 సెంటీమీటర్ల దాపునకు పోవును. పదమూడేండ్ల బాలిక పుస్తకముల సంచితో ఎక్కుడున సైకిలు దిగి నెట్టుకొనుచు నడచుటకు కారణము ఆమె కాలి దౌర్బల్యము కాదు. ఈ పళ్ల లెక్కయే. 'బడికొస్తా' అను పథకముక్రింద రాష్ట్రప్రభుత్వము ఉన్నతపాఠశాలల బాలికలకు సైకిళ్లనిచ్చినపుడు మైదానమునకును మన్యమునకును గేరులేని సైకిలే వచ్చినది. ఆ పథకము మంచిదే. కొండను గూర్చిన ఆలోచన మాత్రము దానిలో లోపించినది.

గేరు పుట్టినదే కొండలవారి కొఱకు. ఫ్రాన్సు దేశమున సేంట్ ఎతియెన్ అను కొండల నడిమి పట్టణమున నివసించిన పాల్ ద వివీ (1853–1930), వెలోసియో అను కలముపేరుతో 'లె సిక్లిస్త్' పత్రికను నడపుచు, తన యూరి చుట్టునుగల కనుమలను సైకిలుమీద ఎక్కుటకు ఒకే పళ్లచక్రము చాలదని గ్రహించి, గేర్లకొఱకు జీవితాంతము వాదించినాడు. 1902లో ఆ దేశమున కొండదారులమీద జరిగిన సుమారు 240 కిలోమీటర్ల పరీక్షలో మార్త్ హెస్ అను యువతి మూడు గేర్ల సైకిలుపై, ఎచ్చటను దిగక, గేరులేని సైకిలు తొక్కిన పేరుపొందిన పందెగానిని మించి ముగించినది. ఐనను టూర్ ద ఫ్రాన్స్ పందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్, గేరు బలహీనులకే తగునని తలంచినవాడగుటచే, ఆ పందెములో గేరుసైకిలునకు 1937 వఱకు తావు దొరకలేదు. అంతవఱకు పందెగాండ్రు కొండ మొదలున దిగి, వెనుకచక్రమును ఊడదీసి, రెండవ ప్రక్కనున్న పెద్ద పళ్లచక్రము చైనునకు తగులునట్లు త్రిప్పి బిగించుకొని, మరల ఎక్కెడివారు. ప్రపంచమునందలి మేటి పందెగాండ్రకే ఎక్కుడున ఇంత అవస్థ తప్పనిచో, అనాసబుట్టను వెనుక కట్టుకొన్న కూలివానికి గేరు అనవసరమని ఏ న్యాయమున చెప్పగలము?

మన సైకిలు మేస్త్రీలను ఈ విషయమున నిందించుట తగదు. వారి విద్య గేరులేని సైకిలుతో పెరిగినది. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ వారు 1949లోను, సోనీపట్‌లో అట్లాస్ వారు 1951లోను, లూధియానాలో హీరో వారు 1956లోను ఆరంభించిన కర్మాగారములనుండి దేశమంతట వ్యాపించిన నల్లని పెద్ద సైకిలే వారికి పాఠ్యగ్రంథము. దాని ఇరుసు, బాల్సు, కప్పులు, స్పోకులు, ట్యూబు పంక్చరు వారికి కన్నులు మూసికొన్నను తెలియును. వంగిన రిమ్మును చేతితో నిమిరి, ఏ స్పోకును బిగింపవలెనో ఏది వదలింపవలెనో చెప్పగల పనితనము సామాన్యమైనది కాదు. గేరుసైకిలు వారి చేతికి తగినసంఖ్యలో రాలేదు. వచ్చినపుడు నేర్పువారు లేరు. అందుచేత చిక్కువచ్చినపుడు తమకు తెలిసిన రూపమునకు సైకిలును త్రిప్పి తెచ్చుచున్నారు.

ఐతే గేరువిద్య దుర్గ్రాహ్యమైనది కాదు. మూలసూత్రమొక్కటే. వెనుకగేరులోని స్ప్రింగు చైనును ఎల్లవేళల చిన్న పళ్లచక్రమువైపునకు లాగుచుండును. చేతిదగ్గఱి మీటతో బిగించిన వైరు దానిని పెద్దచక్రమువైపునకు లాగును. పలుపునకు కట్టిన దూడవలె, వైరు వదలినంతమేర గేరు బయటకు పోవును, బిగించినంతమేర లోపలికి వచ్చును. ఈ యొక్కమాట మనస్సున నిలిచినచో సగము రోగనిర్ణయము పూర్తియైనట్లే. చైను పెద్దచక్రము నెక్కనన్నచో వైరు వదులైనదని గ్రహింపవలెను. చిన్నచక్రమునకు దిగుటకు జంకుచు, మీట నొక్కిన కొంతసేపటికిగాని దిగనిచో, వైరు గొట్టములో ఎచ్చటనో పట్టుకొనుచున్నదని గ్రహింపవలెను. ఏలయన స్ప్రింగు లాగుచునేయున్నది, వైరు జారుట లేదు. పాత సైకిళ్లలో ఈ రెండవ రోగమే ఎక్కువ. దీనినే జనులు గేరు స్ట్రక్కైనదని చెప్పుదురు.

ఈ కొండలలో ఆ రోగము ఏల ప్రబలమో ఊహించుట కష్టము కాదు. నైరుతి ఋతుపవనము మొదలైనది మొదలు కార్తికము దాక ఇచ్చట తడి ఆరదు. వెనుకచక్రము ఎగజిమ్మిన ఎఱ్ఱమట్టినీరు, వెనుకగేరు దగ్గఱ వంపు తిరిగియుండు చివరి గొట్టపుముక్కలో ప్రవేశించి, బయటకు పోవు దారి లేక అచ్చటనే నిలిచి, వైరును త్రుప్పు పట్టించును. ఆ గొట్టపుముక్క జానెడో, జానెడునకు కొంచెము మించియో యుండును. దానికొఱకు గేరునంతయు పాఱవేయుచున్నాము! పరీక్ష సులభమైనది. వెనుకగేరు దగ్గఱ వైరును పట్టియుంచు నట్టును పానాతో వదలించి, గేరును చేతితో లోపలికి నెట్టి విడువవలెను. అది చురుకుగా వెనుకకు వచ్చినచో గేరు ఆరోగ్యముగానే యున్నది. పిమ్మట వదలిన వైరు కొసను చేతబట్టుకొని మెల్లగా లాగుచు, వేఱొకరిచేత మీటను ఆడింపవలెను. వైరు కరకరలాడినను, బిగిసినను, దోషము వైరులోనో గొట్టములోనో యున్నది. ఒక్కొక్కప్పుడు రెంటిలోను ఉండును. రెండింటిని కలిపి మార్చుటయే మేలు. త్రుప్పుపట్టిన గొట్టములో క్రొత్తవైరు వేసినచో వచ్చువర్షములకే మరల పాత కథ మొదలగును.

ఇచ్చట మేస్త్రీలు తెలియక చేయు ఒక పొరపాటును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. గేరుగొట్టము దొరకనపుడు బ్రేకుగొట్టమును వేయుచున్నారు. పైకి రెండును ఒక్కరీతిగానే యుండును. కాని బ్రేకుగొట్టము లోపలి ఉక్కుతీగ స్ప్రింగువలె చుట్టలు చుట్టుకొనియుండును గనుక, వైరును లాగినపుడు ఆ గొట్టమే కొంత నొక్కుకొనిపోవును. గేరుగొట్టములోని సన్నని తీగలు పొడవునా తిన్నగా పేర్చబడియుండుటచే అది నొక్కుకొనదు. బ్రేకునకు ఆ కొద్దితేడా బాధ కలిగింపదు. గేరు సంగతి వేఱు. ఆఱు పళ్లచక్రములున్నచోట ఒకదాని నుండి మఱియొకదానికి నడిమిదూరము సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. దానిని దాటించుటకు వైరు కదలవలసినది మూడు మిల్లీమీటర్ల పైచిల్లర మాత్రమే. అందు ఒక్క మిల్లీమీటరు గొట్టము మ్రింగినచో, చైను రెండు చక్రముల నడుమ తగవులాడుచు టకటకలాడును. జపాను దేశమున సకై పట్టణములో 1921లో పుట్టిన షిమానో సంస్థ, మీటను కదలించినపుడు టక్కుమని ఒక్కొక్క గేరునకు ఆగు పద్ధతిని 1984లో ప్రవేశపెట్టినది. పిమ్మట వచ్చిన సైకిళ్లు చాలవఱకు ఈ పద్ధతివే. అంతకు పూర్వపు మీటలు ఎచ్చటనైనను ఆగగలవు గనుక తొక్కువాడు చెవితో విని చేతితో సరిదిద్దుకొనెడివాడు. క్రొత్తపద్ధతి సౌకర్యమును పెంచినది, దానితోపాటు కొలతలోని నిక్కచ్చిని కూడ కోరినది. కావున గేరుగొట్టపు చుట్ట యొకటి కొట్టులో నుంచుకొనని మేస్త్రి ఎంత నేర్పరియైనను ఈ గేర్లను కుదుర్చలేడు.

క్రొత్తవైరు వేసిన కొన్నిదినములకు అది సర్దుకొని కొంచెము వదులగును. అప్పుడు కంగారుపడి నట్టును విప్పనక్కఱలేదు. వెనుకగేరులోనికి గొట్టము చేరుచోట చేతితో త్రిప్పదగిన చిన్న గుండ్రని మర యుండును. దానిని బయటకు వచ్చునట్లు అరచుట్టు త్రిప్పినచో వైరు ఆ మేరకు బిగియును. అరచుట్టు త్రిప్పి, పెడలు ఆడించి, చైను నడక చూచి, మరల అరచుట్టు: ఇదియే పద్ధతి. తొందరపడి నాలుగైదు చుట్లు త్రిప్పినవారు ఎచ్చటినుండి బయలుదేరినారో తామే మఱచిపోవుదురు.

కొన్ని సైకిళ్లలో వైరు బాగుగానేయుండి, మీట మాత్రము ఎంత నొక్కినను ఊరక జారిపోవుచుండును. టక్కుమను శబ్దమైనను రాదు. మీట విఱిగినదని దీనిని పాఱవేయుట పరిపాటి. సంవత్సరములకొలది నిలువయున్న సైకిలులో, మీట లోపలి గ్రీజు ఎండి బంకవలె గట్టిపడి, పళ్లను పట్టుకొనవలసిన చిన్నకొక్కెము కదలలేక పోవుటయే దీనికి సాధారణకారణము. పై మూత విప్పి, పలుచని నూనెనో కిరసనాయిలునో కొద్దికొద్దిగా పోసి, మీటను పలుమాఱు ఆడించి, ఆ బంక కరిగి కారిపోయినపిమ్మట తుడిచి మంచినూనె చుక్కలు వేసినచో, చచ్చినదనుకొన్న మీట తఱచుగా బ్రతుకును. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఓపిక ఖర్చు మాత్రమే.

మఱియొక దోషము ప్రయాణమునకు సంబంధించినది. సైకిలును ఆటోమీదనో జీపుమీదనో పడవేసి కట్టునపుడు, లేక రాతినేలమీద కుడిప్రక్కకు పడినపుడు, వెనుకగేరును మోయు ఇనుపరెక్క లోపలికి వంగును. వెనుకనుండి ఒంటికన్నుతో చూచినచో, గేరులోని రెండు చిన్నచక్రములును పై పళ్లచక్రముతో ఒకే నిలువుగీతలో ఉండవలసినవి ఏటవాలుగా కనబడును. ఈ వంపున్నంతకాలము ఏ మరను త్రిప్పినను ప్రయోజనము లేదు. ఒక గేరు కుదిరిన మఱియొకటి చెడును. అదృష్టవశమున చవుక సైకిళ్లలో ఆ రెక్క ఇరుసు నట్టుతోనే బిగించిన వేఱుముక్క. దానిని మార్చుట తేలిక. ఉక్కు రెక్కను జాగ్రత్తగా వంచి సరిచేయవచ్చును, అల్యూమినియపు రెక్కను పదేపదే వంచినచో విఱిగిపోవును. సైకిలును పండుకొనబెట్టవలసివచ్చినపుడు ఎడమప్రక్కకే పండుకొనబెట్టుట పిల్లలకు నేర్పదగిన మంచి అలవాటు.

ప్రాణమునకు సంబంధించిన మాట ఒకటి కలదు. వెనుకగేరుమీద హెచ్, ఎల్ అను గుర్తులతో రెండు చిన్న మరలుండును. ఇవి గేరు ఎంతవఱకు బయటకు, ఎంతవఱకు లోపలికి పోవచ్చునో హద్దు నిర్ణయించును. వైరుదోషమునకు ఈ మరలను త్రిప్పుట మేస్త్రీలు తఱచుగా చేయు పని. గేరు పెద్దచక్రము నెక్కుట లేదని ఎల్ మరను వదలించుచు పోయినచో, ఒకనాడు చైను పెద్దచక్రమును దాటి స్పోకులలో పడును. ఎక్కుడులో, అనగా పెద్దచక్రమును వాడుచోటనే, ఇది జరుగును. వెనుకచక్రము ఒక్కసారిగా బిగిసి, స్పోకులు తెగి, తొక్కువాడు వెనుకవచ్చు లారీ ముందు పడవచ్చును. హద్దుమరలను ఒకమాఱు సరిచేసినపిమ్మట, రెక్క వంగిననో గేరు మార్చిననో తప్ప, ముట్టనవసరము లేదు. ముట్టవలసివచ్చినచో వైరును పూర్తిగా వదలించి, చక్రమును నేలకు తగులకుండ ఎత్తిపట్టి, చేతితో గేరును లోపలి కొసవఱకు నెట్టిచూచిన పిమ్మటనే రోడ్డెక్కవలెను.

ఇక బరువుతో ఎక్కుచుండగా చైను ఎగిరి పెడలు ఒక్కసారి జాఱి మోకాలు హ్యాండిలునకు కొట్టుకొనుట సాధారణముగా గేరు దోషము కాదు, చైను అరుగుదల. సైకిలు చైనునకు ఒక ముడి నుండి మఱియొక ముడికి అరంగుళము. కావున ఇరువది నాలుగు ముళ్ల దూరము సరిగా 12 అంగుళములుండవలెను. అది అంగుళములో పదునాఱవవంతు పెరిగినచో చైను మార్చవలసినదనియు, ఎనిమిదవవంతు పెరిగినచో పళ్లచక్రములును అరిగియుండుననియు తెలిసికొనవచ్చును. బడిపిల్లల స్కేలు ఈ పరీక్షకు చాలును. ఆలసించిన కొలది ఖర్చు పెరుగును. అరిగిన పళ్లమీద క్రొత్తచైను నిలువదు. ముందుగేరు గూర్చి విస్తరింపను. దాని బాధలును చాలవఱకు వైరు బాధలే.

ఇంత శ్రమ యేల, గేరులేని సైకిలే గట్టిది కదా యని పెద్దలు కొందఱు వాదింతురు. సమతలమున ఆ వాదము సరియైనదే; నరసన్నపేట రోడ్డుమీద తిరుగువానికి గేరు లేకున్నను లోటు లేదు. ఆడలి కొండదారినో, దోనుబాయి వైపునో పోవువానితో ఆ మాట చెప్పుట అన్యాయము. గట్టిదనము పేర వానిచేత రెట్టింపుబలముతో తొక్కించుచున్నాము, లేదా దింపి నడిపించుచున్నాము. కొన్నాళ్లకు వాడు సైకిలునే విడిచి, అప్పుచేసి మోటారుసైకిలు కొనుచున్నాడు.

సీతంపేటలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థవారికి నా విన్నపము ఇది. యువజనులకు వృత్తులు నేర్పు శిక్షణకేంద్రము మీ ఆధ్వర్యమున ఉన్నది. అందు సవర, జాతాపు యువకులు కొందఱికి గేరు సైకిలు మరమ్మతును నేర్పింపుడు. ఇప్పటికే కొట్లు నడుపుచున్న మేస్త్రీలను పిలిచి, వారి పనిదినమునకు కూలియిచ్చి కూర్చుండబెట్టుడు. గేరువైర్లు, గేరుగొట్టపు చుట్టలు, రెక్క వంపు తీయు పనిముట్టు ఒకటి, చైను విప్పు పనిముట్టులు కొన్ని: ఇంతకుమించిన సామగ్రి అవసరము లేదు. ఇకముందు కొండప్రాంతపు పాఠశాలలకు సైకిళ్లు ఈయవలసివచ్చినచో గేరుగలవానినే కోరుడు, వానితోపాటు విడివైర్లను కూడ పంపుడు.

పాఠకులలో గేరు మొండికెత్తిన పాత సైకిలు ఇంట నున్నవారికి ఒకమాట. దానిని కొట్టునకు తీసికొనిపోయి గేరు ఊడదీయుమని చెప్పవలదు. క్రొత్త గేరువైరును, గేరుగొట్టమును వేయుమనియు, హద్దుమరలను ముట్టవలదనియు చెప్పి, పని ముగియువఱకు ప్రక్కన నిలువుడు.